ఇంటిలోని వైర్‌లెస్ – ఊరిలోని తీగ: కంప్యూటరు నెట్‌వర్కుల చరిత్ర

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, వెలికొండలకు చేరువగా వరికుంటపాడు, ఉదయగిరి మొదలగు మండలములు కలవు. ఈ మెట్ట ప్రాంతమున చెరువులు, కుంటలు సేద్యమునకు పెద్ద ఆధారము. చెరువు నిండినంత మాత్రమున చేను తడవదని ఇచటి రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. తూము, పెద్ద కాలువ, పిల్లకాలువ, చివరకు మడిలోని బోదె – ఇవి అన్నియు బాగుండవలెను. ఒక్కచోట గండి పడినను చివరి మడికి నీరు రాదు.

నేడు ఇంటింట వినవచ్చు ‘వైఫై’ అట్టి చివరి బోదె వంటిది. ‘వైర్‌లెస్’ అను మాట విని, ఇక తీగతో పని లేదని పలువురు తలంతురు. నిజమునకు ఇంటిలో రేడియో అల నడచు దూరము పది పదిహేను మీటర్లు మాత్రమే. అటుపైన సమాచారము రాగితీగలోనో, గాజుపోగులోనో వందల, వేల కిలోమీటర్లు ప్రయాణము చేయును. సెల్‌ఫోను విషయమును ఇంతే. ఫోను నుండి టవరు వరకే అల. టవరు దాటిన పిమ్మట చాల చోట్ల గాజుపోగే దారి. ఈ గొలుసులోని లంకెలు ఎప్పుడు పుట్టినవి, తెలుగునాట ఎట్లు అమరినవి అను సంగతి తెలిసినచో, ఒక ఊరికి ఏ లంకె కొరవడినదో, దేనిని కోరవలెనో కూడ తెలియును.

దూరమును బట్టి రకములు

రెండు గాని అంతకు మించి గాని కంప్యూటర్లు సమాచారమును ఇచ్చిపుచ్చుకొనుటకు వీలుగా కలుపబడినచో దానిని నెట్‌వర్కు అందురు. నెట్‌వర్కులను విభజించుటకు పలు పద్ధతులున్నను, దూరమును బట్టి విభజించుట అందరికి సుబోధకము.

మనిషి చేతికి అందునంత దూరములో ఫోను, చెవిలోని పరికరము, చేతి గడియారము మొదలగువానిని కలుపునది పాన్. అనగా వ్యక్తిగత నెట్‌వర్కు. బ్లూటూత్ దీనికి ఉదాహరణము. ఒక ఇల్లు, ఒక పాఠశాల, ఒక కార్యాలయము వరకు వ్యాపించునది లాన్. అనగా స్థానిక నెట్‌వర్కు. ఒక నగరమంతటను పరచుకొనునది మాన్. జిల్లాలను, రాష్ట్రములను, దేశములను కలుపునది వాన్. అనగా విస్తృత నెట్‌వర్కు. ఇట్టి వేలకొలది నెట్‌వర్కులను మరల ఒకదానితో నొకటి కలిపిన మహా నెట్‌వర్కే ఇంటర్నెట్.

ఈ విభజనలో దూరము పైకి కనబడు లక్షణము. దాని వెనుక మరియొక భేదము కలదు. లాన్‌కు సాధారణముగా ఒక్కడే యజమాని; ఇంటిదానికి ఇంటివారు, బడిదానికి బడివారు. వాన్ అట్లు కాదు. ఊరికిని ఊరికిని నడుమ ఇతరుల పొలములు, రహదారులు, అడవులు ఉండును. కావున దానిని ప్రభుత్వమో, పెద్ద సంస్థయో నిర్మింపవలెను. ఇంటి వైఫై చెడినచో ఇంటివారే బాగుచేసికొనవచ్చును. వాన్ చెడినచో ఊరంతయు కనిపెట్టుకొని యుండవలెను.

పొట్లములుగా సమాచారము

ఈ చరిత్రలో ఒక విచిత్రము కలదు. ముందుగా పుట్టి పేరు గాంచినది దగ్గరి నెట్‌వర్కు కాదు, దూరపు నెట్‌వర్కు. 1969 అక్టోబరు 29న అమెరికాలో లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కంప్యూటరు, దాదాపు 500 కిలోమీటర్ల దూరమునగల స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని కంప్యూటరుకు సందేశము పంపెను. అర్పానెట్ అనబడు ఈ నెట్‌వర్కులో సమాచారమును చిన్న చిన్న పొట్లములుగా విడగొట్టి, ప్రతి పొట్లముపై చేరవలసిన చిరునామా వ్రాసి పంపుదురు. టెలిఫోనులో ఇద్దరు మాటలాడునంత సేపు ఆ దారి వారికే కేటాయింపబడి యుండును. పొట్లముల పద్ధతిలో ఒకే దారిని పలువురు పంచుకొందురు.

పిమ్మట 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్‌సన్ బృందము ద్వీపముల నడుమ రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపినది. దీని పేరు ఆలోహానెట్. ఇందులో ఏ కేంద్రమైనను తనకు తోచినప్పుడు పొట్లమును పంపవచ్చును. రెండు కేంద్రములు ఒక్కసారి పంపినచో రెండును ఢీకొని చెడును. అప్పుడు కొంతసేపు ఆగి మరల పంపవలెను. ఇట్టి పద్ధతిలో మార్గపు శక్తిలో దాదాపు 18 శాతమునకు మించి ఉపయోగము రాదని అబ్రామ్‌సన్ గణితము వలన తేలినది.

1973లో జెరాక్స్ సంస్థ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు ఈ భావమునే తీగకు అన్వయించి ఈథర్‌నెట్‌ను రూపొందించిరి. ఇందులో ప్రతి కంప్యూటరు పంపుటకు ముందు తీగపై ఇతరుల సందడి ఉన్నదేమో వినును. నిశ్శబ్దముగా ఉన్నప్పుడే పంపును. పలువురు కూర్చున్న సభలో ఒకరి మాట ముగిసిన పిమ్మట మరియొకరు మాటలాడుట వంటిదే ఇది. కార్యాలయములలో లాన్‌లు విస్తరించుటకు ఈథర్‌నెట్ ముఖ్య కారణమైనది.

తెలుగునాట తొలి అల్లికలు

మన దేశమున 1986లో ఎర్నెట్ అను విద్యా పరిశోధన నెట్‌వర్కు ఆరంభమైనది. ఐదు ఐఐటీలు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రము, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ – ఈ ఎనిమిదియు దాని తొలి కేంద్రములు. వానిలో ఆంధ్రప్రదేశ్ సంస్థ ఒక్కటియు లేదు.

జిల్లా కేంద్రములకు కంప్యూటరు సంబంధము వచ్చినది ఆకాశమార్గమున. 1980 దశకపు చివరి సంవత్సరములలో జాతీయ సమాచార కేంద్రము నిక్‌నెట్ పేరుతో జిల్లా కేంద్రములలో చిన్న గిన్నె ఏంటెన్నాలు నెలకొల్పి, ఉపగ్రహము ద్వారా ఢిల్లీతో కలిపెను. భూస్థిర ఉపగ్రహము 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండును. సందేశము పైకి పోయి క్రిందికి దిగుటకు 72,000 కిలోమీటర్లు నడవవలెను. కాంతివేగముతో పోయినను పావు సెకండు పట్టును. ప్రశ్నకు జవాబు వచ్చుటకు అర సెకండు. కొండలు అడ్డము కాకుండుట ఉపగ్రహపు గుణము. ఈ ఆలస్యము దాని లోపము.

సామాన్య జనులు నెట్‌వర్కు ప్రయోజనమును కన్నులార చూచినది రైల్వే టిక్కెట్ల కిటికీ వద్ద. 1994 సెప్టెంబరులో సికింద్రాబాదున ‘కాన్సర్ట్’ అను రిజర్వేషను విధానము అమలులోనికి వచ్చినది. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములు ఐదింటిని క్రమముగా కలిపి 1999 ఏప్రిలు నాటికి ఒకే అల్లికగా చేసిరి. అంతకు పూర్వము వేరొక కేంద్రమునకు చెందిన రైలులో చోటు కావలెనన్న, ఆ కేంద్రమునుండి కబురు రావలసి యుండెను. కలిపిన పిమ్మట ఏ కిటికీ నుండియైనను ఏ రైలుకైనను చోటు దొరకు వీలు కలిగినది. ఇది వాన్ చేసిన మేలు.

లాన్ చేసిన మేలునకు ఉదాహరణము 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ ఆరంభించిన ‘కార్డ్’ పథకము. 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములలో కంప్యూటర్లను నెలకొల్పి, కార్యాలయములోనివానిని ఒకదానితో నొకటి కలిపిరి. అంతవరకు దస్తావేజు నకలును పెద్ద పుస్తకములలో చేతితో ఎక్కించెడివారు. భూమిపై అప్పులు, తాకట్టులు కలవా లేవా అని చూచుటకు ఏండ్లకొలది పుస్తకములు తిరుగవేయవలసి వచ్చెడిది. ఆ పని ఒకే గదిలోని కంప్యూటర్ల నడుమ నిమిషములకు దిగినది. పిమ్మట 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో ఆరంభమైన ‘మీసేవ’ ఈ స్థానిక లెక్కలను విస్తృత నెట్‌వర్కుతో ముడివేసి, సంతకముతో కూడిన ధ్రువపత్రములను ఊరి దగ్గరి కేంద్రమునకే తెచ్చినది.

ఇట్లు తెలుగునాట నెట్‌వర్కు రాజధాని నుండి జిల్లాకు, జిల్లా నుండి మండలమునకు దిగివచ్చినది. ఇంటి గడప దాటుటకు మాత్రము మరియొక సాధనము కావలసి వచ్చినది.

వైఫై పుట్టుక

1985లో అమెరికా సమాచార ప్రసార సంఘము ఒక సాహసమైన నిర్ణయము చేసినది. పొయ్యిలకు, వైద్య పరికరములకు వదలివేసిన కొన్ని రేడియో పట్టీలలో, తక్కువ శక్తితో ఎవరైనను లైసెన్సు లేకుండ ప్రసారము చేయవచ్చునని ప్రకటించినది. ‘పనికిరాని పట్టీలు’ అని పేరుపడిన 2.4 గిగాహెర్ట్జ్ వంటివే నేటి వైఫైకి నెలవులైనవి. దుకాణములలోని డబ్బుల యంత్రములను తీగ లేకుండ కలుపుటకు ఒక సంస్థ చేసిన ప్రయత్నములు ఈ దారిలో తొలి అడుగులలో ఒకటి. వేర్వేరు సంస్థల పరికరములు ఒకదానితో నొకటి మాటలాడుటకు 1997లో 802.11 అను ప్రమాణము వెలువడినది. దాని వేగము సెకండునకు 2 మెగాబిట్లు మాత్రమే. 1999లో 11 మెగాబిట్ల ప్రమాణము వచ్చినది. ‘వైఫై’ అను పేరు కూడ ఆ యేడే స్థిరపడినది.

ఇంటిలో రేడియో అలకు ఒక పెద్ద చిక్కు కలదు. అల గోడకు, బీరువాకు, నేలకు తగిలి ప్రతిధ్వనించి, పలుదారుల వచ్చి ఒకదానిపై నొకటి పడును. ఖాళీ గుడి మంటపములో గట్టిగా మాటలాడినప్పుడు మాటలు కలగాపులగమగుట వంటిది. ఆస్ట్రేలియా శాస్త్ర పరిశోధన సంస్థలో జాన్ ఓ’సల్లివన్ బృందము 1990 దశకపు తొలి యేండ్లలో దీనికొక ఉపాయము కనుగొన్నది. సమాచారమును ఒకే వేగవంతమైన ప్రవాహముగా పంపక, పలు పౌనఃపున్యములపై నెమ్మదియైన ప్రవాహములుగా పంచుట ఆ ఉపాయములో ప్రధానాంశము. నెమ్మదిగా పలికిన మాటను ప్రతిధ్వని చెరపలేదు గదా!

పిమ్మట ప్రతిధ్వనులనే లాభముగా మార్చు పద్ధతి వచ్చినది. భారత నౌకాదళములో పనిచేసి స్టాన్‌ఫర్డ్‌లో ఆచార్యుడైన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, పలు ఏంటెన్నాలతో పలు దారులగుండ వేర్వేరు సమాచారములను ఒకేసారి పంపవచ్చునని ప్రతిపాదించిన తొలివారిలో ముఖ్యుడు. 2009లో వెలువడిన 802.11ఎన్ ప్రమాణములో ఈ పద్ధతి చోటు చేసికొన్నది. నేటి రౌటరుపై రెండు మూడు కొమ్ములు నిలిచి యుండుటకు కారణమిదే.

మన దేశమున 1933 నాటి వైర్‌లెస్ చట్టము ప్రకారము ప్రసార పరికరములకు లైసెన్సు అవసరమై యుండెను. 2005 జనవరిలో కేంద్రప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరములకు ఈ నిబంధన తొలగించినది. ఇండ్లలోను, ఆరుబయటను వైఫైకి తలుపు తెరచినది ఈ ఉత్తర్వే.

ఇంటిలో అల నడక

2.4 గిగాహెర్ట్జ్ అల యొక్క తరంగదైర్ఘ్యము సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది ఇంచుమించు 6 సెంటీమీటర్లు. మొదటిది గోడలను కొంత మేలుగా దాటును. రెండవది వేగముగా పనిచేయును గాని త్వరగా క్షీణించును. నీరు, ఇనుము ఈ అలలకు శత్రువులు. రౌటరును ఇనుప బీరువా వెనుక దాచుట, మూలగదిలో నేలపై పెట్టుట మంచిది కాదు. ఇంటి నడుమ, మనిషి తలకు మించిన ఎత్తున పెట్టుట మేలు. రాతి గోడల ఇండ్లలో ఒక్క గోడ దాటుటకే అల చాల శక్తిని కోల్పోవును.

మరియొక సంగతి. ఒకే రౌటరును ఎందరు వాడుకొన్నను ఆ మార్గము ఒక్కటే. వైఫై పరికరము ఈథర్‌నెట్ వలె ముందు వినును, పిమ్మట పలుకును. కాని తాను పలుకునప్పుడు ఇతరుల పలుకును వినజాలదు. కావున ప్రతి పొట్లము చేరినదని ఎదుటివారు వెంటనే రసీదు పంపవలెను. రసీదు రానిచో పొట్లము పోయినదని తలచి మరల పంపును. ఇంటిలో ఇది చక్కగా సాగును. దూరము పెరిగినచో ఏమగునో గోదావరి డెల్టాలో జరిగిన ఒక ప్రయత్నము తెలుపును.

గోదావరి డెల్టాలో దూరపు వైఫై

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరము ప్రాంతమున బైర్రాజు ఫౌండేషను 2005–06 ప్రాంతములో ‘అశ్విని’ అను పథకము నడిపినది. ఇంటికొరకు పుట్టిన వైఫై పరికరములనే ఎత్తయిన టవర్లపై దిశాత్మక ఏంటెన్నాలతో అమర్చి పల్లెలను కలిపిరి. వాని ద్వారా వైద్య సలహా, పాఠములు, వ్యవసాయ సలహా దృశ్యరూపమున పల్లెలకు చేరినవి. అదే కాలమున కాన్పూరు ఐఐటీలో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు దూరపు వైఫైపై పరిశోధన చేసి, గంగా మైదానపు అనుభవముతో పాటు ఈ అశ్విని అనుభవమును గూర్చి 2007లో ఒక వ్యాసమున వివరించిరి.

విద్యార్థులు ఇచట రెండు లెక్కలు గమనింపవలెను. మొదటిది కాలము. రేడియో అల మైక్రోసెకండునకు 300 మీటర్లు పోవును. 20 కిలోమీటర్ల దూరమునకు 67 మైక్రోసెకండ్లు; పొట్లము పోయి రసీదు వచ్చుటకు 130కి పైగా. ఇంటి వైఫై రసీదుకొరకు కాచియుండునది కొద్ది పదుల మైక్రోసెకండ్లే. కావున రసీదు దారిలో ఉండగానే పరికరము ఓపిక కోల్పోయి మరల పంపును. దీనికి రామన్, చేబ్రోలు సూచించిన పరిష్కారము తేలికైనది: ఒక టవరుపైనున్న ఏంటెన్నాలన్నియు ఒక వంతున కలిసి పంపవలెను, మరుసటి వంతున కలిసి వినవలెను. వంతులు ముందే నిర్ణయమైనచో ఢీకొనుట యుండదు.

రెండవది ఎత్తు. రెండు ఏంటెన్నాల నడుమ చూపుగీత మాత్రము ఖాళీగా ఉన్నచో చాలదు. అల కండెవలె నడుమ ఉబ్బి యుండును. 20 కిలోమీటర్ల దారిలో 2.4 గిగాహెర్ట్జ్ అలకు నడిమధ్యన ఈ ఉబ్బు వ్యాసార్థము 25 మీటర్లు. భూమి గుండ్రదనము వలన మరియొక 8 మీటర్లు కలియును. డెల్టాలో నేల సమతలమైనను కొబ్బరిచెట్ల తలలను దాటుటకు ఎత్తయిన టవర్లు కావలసివచ్చుటకు కారణమిదే.

ఇదే పద్ధతిని ఉదయగిరి సీమకు తెచ్చినచో లెక్క మారును. సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తుగల ఉదయగిరి దుర్గపు కొండ ఒక విధముగా సహజమైన టవరు. దానిపైనుండి దూరపు ఊళ్లు కనబడును. కాని కొండ ఆవలి వైపున ఉన్న ఊరికి అదే అడ్డుగోడ. డెల్టాలో వరుసగా సాగు లంకెలు ఇచట కొండను చుట్టి రావలెను. నెట్‌వర్కు ఏ రకముది కావలెనో ముందుగా నిర్ణయించునది నేలయే.

స్తంభములపై గాజుపోగు

కొండను లక్ష్యపెట్టనిది గాజుపోగు. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ గాజులోని మాలిన్యమును తగ్గించినచో కాంతిని దూరము పంపవచ్చునని చూపిరి. కిలోమీటరునకు నూటికి ఒక పాలు కాంతి మిగిలినను చాలునని వారి అంచనా. నేటి పోగులో కిలోమీటరు దాటిన పిమ్మట నూటికి 95 పాళ్లకు పైగా మిగులును. ఈ కృషికి కావోకు 2009లో నోబెల్ బహుమతి లభించినది.

గ్రామ పంచాయతీలకు గాజుపోగు వేయు జాతీయ పథకమునకు 2011 అక్టోబరులో కేంద్రము అనుమతి నిచ్చినది. దానిని ముందుగా పరీక్షించుటకు ఎన్నుకొన్న మూడు ప్రాంతములలో నాటి విశాఖపట్టణము జిల్లా పరవాడ ఒకటి. ఈ పథకమే పిమ్మట భారత్‌నెట్ అయినది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన ఫైబరు గ్రిడ్‌కు వేరొక దారి పట్టినది. నేలను త్రవ్వి పోగును పాతుటకు వేల కోట్ల రూపాయలు, సంవత్సరముల కాలము కావలెను. ఊరూర కరెంటు స్తంభములు నిలిచియే యున్నవి. వానిపైననే సుమారు 24,000 కిలోమీటర్ల పోగును లాగిరి. ఖర్చు పాతిపెట్టు పద్ధతిలో పదవ వంతుకన్న తక్కువైనది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామమున ఇంటింటికి సంబంధము కల్పించిరి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ గ్రిడ్‌ను ప్రారంభించినారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టెలివిజను, టెలిఫోను మూడును ఇచ్చుట నాటి పథకము. స్తంభము నుండి ఇంటికి తీగ లాగిన వారు ఊరిలోని కేబుల్ టీవీ నడుపువారే.

చౌకదనమునకు మూల్యము లేకపోలేదు. స్తంభము విరిగినచో పోగు తెగును. చెట్టుకొమ్మ, లారీ, గాలివాన – ఏదైనను దానికి గండమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున స్తంభములను కూల్చిన తీరు అందరు ఎరిగినదే. ఆ పిమ్మట ఆ నగరమున కరెంటు తీగలను భూమిలో వేయు పని చేపట్టిరి. త్వరగా అందరికి చేరుట ముఖ్యమా, చేరినది నిలుచుట ముఖ్యమా అను ప్రశ్నకు గణితము ఒక్కటే జవాబు చెప్పదు. అయినను ఒక సూత్రము కలదు. ఒకే దారిగల ఊరు ఆ దారి తెగిన వెంటనే ఒంటరియగును. రెండు వైపుల నుండి దారులు వచ్చి వలయముగా కలిసినచో, ఒకవైపు తెగినను రెండవ వైపునుండి పొట్లములు వచ్చును. కొసనున్న మండలములకు వేగముకన్న ఈ రెండవ దారియే ముందు కావలసినది.

చివరి లంకె

2020 మార్చిలో కోవిడ్ వలన పాఠశాలలు మూతపడినప్పుడు ఈ చర్చ కాగితముల నుండి ఇండ్లలోనికి వచ్చినది. ఇంటర్నెట్ లేని ఇండ్లు అనేకము కావున, ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పదవ తరగతి పాఠములు ప్రసారము చేయవలసి వచ్చినది. ప్రసారము గొప్ప సాధనమే. ఒక్క కేంద్రము నుండి లక్షల ఇండ్లకు చేరును. కాని అది ఒకే దిక్కు దారి. విద్యార్థి పాఠము వినగలడు, సందేహము అడుగజాలడు. నెట్‌వర్కు ప్రత్యేకత రెండు దిక్కుల దారి. ఆ రెండవ దిక్కు లేని పిల్లవాడు ఆ యేడు ఎంత నష్టపోయెనో అతనికి పాఠము చెప్పిన ఉపాధ్యాయునికే తెలియును.

వరికుంటపాడులోనో, మరియే మండలములోనో ‘వైఫై రావడము లేదు’ అని ఎవరైన అన్నచో, ఆ మాట నాలుగు వేర్వేరు జబ్బులకు పేరు కావచ్చును. ఫోనునకును రౌటరునకును నడుమ గోడ అడ్డు కావచ్చును. రౌటరు నుండి స్తంభమునకు పోవు పోగు వంగి యుండవచ్చును. మండలము నుండి జిల్లాకు పోవు దారి తెగి యుండవచ్చును. అన్నియు బాగుండి అవతలి కంప్యూటరే పనిచేయకుండవచ్చును. మొదటిదానికి రౌటరును జరిపిన చాలును. రెండవదానికి ఊరి కేబుల్ నడుపువాడు కావలెను. మూడవదానికి ప్రభుత్వమును అడుగవలెను. నాలుగవదానికి వేచియుండుట తప్ప గతి లేదు. జబ్బు తెలియక మందు వాడుట వలన రౌటర్లు మార్చుచు డబ్బు పోగొట్టుకొనువారు కలరు. అడుగవలసిన చోట అడుగక ఊరకుండువారును కలరు.

ఉన్నత పాఠశాలలో ఈ విషయమును బోధించుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. బడి కంప్యూటరులో ‘ట్రేస్‌రూట్’ అను ఆజ్ఞ ఇచ్చినచో, పొట్లము ఏయే మజిలీల మీదుగా పోవుచున్నదో, ఒక్కొక్క మజిలీకి పోయి వచ్చుటకు ఎన్ని మిల్లీసెకండ్లు పట్టినదో వరుసగా కనబడును. మొదటి మజిలీ బడిలోని రౌటరు, అది లాన్. తరువాతివి వాన్. నెల్లూరు నుండి ఉదయగిరికి దాదాపు 100 కిలోమీటర్లు. గాజులో కాంతి సెకండునకు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గనుక ఆ దూరము పోయి వచ్చుటకు ఒక మిల్లీసెకండు చాలును. అంతకుమించి ఆలస్యమున్నచో అది దూరము వలన కలిగినది కాదు. చుట్టుదారి వలననో, రద్దీ వలననో కలిగినది. విద్యార్థులు ఒక వారము రోజులు ఉదయము, సాయంకాలము ఈ అంకెలు వ్రాసికొని, ఊరిలోని స్తంభములను, టవరును చూపు పటము ప్రక్కన ఉంచినచో, తమ ఊరి నెట్‌వర్కులో బలహీనమైన లంకె ఏదో తామే గుర్తింపగలరు. అట్టి పటమును జతచేసి గ్రామసభలో ఇచ్చిన అర్జీకి, వట్టి ఫిర్యాదుకు లేని బలము ఉండును.